ఇస్త్రీ బండి, పోస్టాఫీసు గోడ పక్కన

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, రైలుకు టైమైపోతోందని పరిగెత్తుతున్న నన్ను పోస్టాఫీసు గేటు దగ్గర ఒకమ్మాయి ఆపింది. మా వీధికి ఉత్తరాలు తెచ్చే పిల్ల. మదురై వైపు నుంచి వచ్చింది, కోడంబాక్కంలో చేరి ఏడాది కూడా కాలేదు. చేతిలో ఒక రిజిస్టర్డ్ కవరుంది. "సార్, ఈ పేరున్నావిడ మీకు తెలుసా?" అని తమిళంలో అడిగింది.

పేరు చూశాను. ఎప్పుడూ విన్న పేరు కాదు. తెలియదని చెప్పబోతూ కింద అడ్రసు చదివాను. డోరు నంబరు లేదు. ‘ఇస్త్రీ బండి, పోస్టాఫీసు గోడ పక్కన’ అని మాత్రం ఉంది. 

పదిహేనేళ్లు ఆమె చేత బట్టలు ఇస్త్రీ చేయించుకున్నాను. ఒకసారి ఆమె నా బతుకును పట్టి నిలబెట్టింది. అయినా ఆమె పేరు నాకు తెలియదు. పేటంతా ఇస్త్రీ అక్క అనేది, నేనూ అదే అన్నాను. ఆ రోజు కవరు మీద చదివిన పేరు ఇక్కడ రాయను. అన్నేళ్లు అడగనివాణ్ని, ఇప్పుడు తెలిసినట్టు రాస్తే నాకే సిగ్గుగా ఉంటుంది.

"ఇస్త్రీ అక్క" అన్నాను.

"ఓ, ఆవిడా! బండి కనబడక నాలుగు నెలలైంది గదా సార్. ఎక్కడికి వెళ్లారు?"

"తెలియదు."

"అయితే వెళ్లిపోయారని, ‘లెఫ్ట్’ అని రాసి వెనక్కి పంపేస్తాను."

"ఆ మాట రాయొద్దు" అన్నాను. అరిచినట్టే అన్నాను. ఆ పిల్ల ఉలిక్కిపడింది. నేను గొంతు తగ్గించి, డోర్ లాక్డ్ అని రాసి ఏడు రోజులు ఉంచుకోవచ్చు కదా అని బతిమాలాను.

"బండికి డోరెక్కడిది సార్?" అంది నవ్వుతూ. కానీ నా ముఖం చూసి నవ్వాపేసింది. "సరే. వచ్చే సోమవారం సాయంత్రం టపా బ్యాగు కట్టేదాకా ఉంచుతాను. తర్వాత నా చేతిలో లేదు" అంది.

కవరు కార్పొరేషన్ నుంచి వచ్చింది. లోపల ఏముందో విప్పకుండానే చెప్పగలను. వీధి వ్యాపారులకిచ్చే గుర్తింపు కార్డు. ఆ కార్డు కోసం ఆమె ఎదురుచూడటం పేటలో చూడనివాళ్లు లేరు.

ఆ రోజు నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఒక బీరువాలోవి తీసి ఇంకో బీరువాలో పెట్టాను. నాకు అసలే చిన్నదానికీ పెద్దదానికీ గుండె దడ. ఏడు రోజులు అని ఎవరైనా అంటే నాకు మొదటి రోజే ఏడోరోజు.

ఆమె బండి పోస్టాఫీసు కాంపౌండు గోడకు ఆనుకుని ఉండేది. నాలుగు చక్రాలు, పైన రేకు, పక్కన నీలం టార్పాలిన్, మధ్యలో బొగ్గుల ఇస్త్రీపెట్టె. కుడిచేతి చూపుడు వేలు నాలుకకు తాకించి తడి చేసుకుని, పెట్టె అడుగున టక్కున ఒకసారి అంటించేది. చుయ్‌మనే చప్పుడును బట్టి ఏ బట్ట ఎత్తుకోవాలో తేల్చుకునేది. పట్టుకొక చుయ్, నూలుకొక చుయ్. చూస్తున్న నాకే వేలు చురుక్కుమనేది.

"కాలదా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"నా ఏలికి కాలేది తెలిస్తేనే గదా నాయనా, నీ బట్ట కాలకుండా ఉండేది" అంది.

వాళ్ల తాత చిత్తూరు పక్కనుంచి వచ్చాడట. నాయన పోలీసు క్వార్టర్సుకు బట్టలు ఉతికేవాడట. ఆ నాయన దగ్గర్నుంచి ఆమెకు రెండు అలవాట్లు వచ్చాయి. ఒకటి, ఇంటికొక గుర్తు. కాలరు లోపల నల్ల సిరాతో చుక్కలో గీతలో పెట్టేది. మా ఇంటిది రెండు చుక్కలు, కింద ఒక కొక్కెం. ఇల్లు ఖాళీ చేసినవాళ్ల గుర్తును ఇంకొకరికి ఇచ్చేది కాదు. రెండోది, చొక్కా వీపు మీద పైనుంచి కిందికి మూడు గీతలు. పోలీసు చొక్కాలకు తీసినట్టు తీసేది. కంప్యూటర్ కంపెనీల కుర్రాళ్లు వద్దని మొత్తుకున్నా వినేది కాదు. "ముందర పక్క నీ ఇష్టం. ఈపు మటుకు నాది" అనేది.

పేర్లు మాత్రం ఆమెకు ఒంటబట్టేవి కావు. ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ పాత నంబరొకటి, కొత్త నంబరొకటి ఉంటాయి. అద్దెకుండేవాళ్లు ఏడాదికోసారి మారుతుంటారు. పోస్టాఫీసుకు కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ ఎవరైనా రెండో రోజుకల్లా తల పట్టుకుని ఆమె బండి దగ్గరికి వచ్చేవాడు.

"అక్కా, పాత నంబరు పద్నాలుగు, మేడమీద, సెల్వం అని..."

"సెల్వం గిల్వం నాకేం తెల్సు? ఏం బట్టలేసుకుంటాడో చెప్పు."

"బ్యాంకులో పనంట."

"బ్యాంకా? లేతపచ్చ చొక్కా, జేబు కాడ ఇంకు మరక. అట్ల చెప్పు మరి. రైలు గేటు పక్కకి మారినాడు. పెండ్లాం నైటీలు మూడు ఈడే ఉండాయి, పోతా పోతా ఇచ్చిపో."

ఆమె చెప్పిన గుర్తు ఎప్పుడూ తప్పు పోయేది కాదు. పోస్టాఫీసు లోపల ఏదైనా కవరు గురించి గొడవ వస్తే చివరి మాట ఒకటే ఉండేది. ‘ఇస్త్రీ అక్క చెప్పింది.’ అంతటితో కవరు ఎటు పోవాలో అటు పోయేది. పోస్టుమాస్టరు కూడా ఆ మాట మీద ఇంకో మాట అనేవాడు కాదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు. "మనుషులు ఏమైనా చెప్తారు నాయనా. బట్టలు అబద్ధం చెప్పవు" అని మెడ కొంచెం ఎత్తి అనేది.

నేనొచ్చిన కొత్తల్లో ఆమె బండి మీద సినిమావాళ్ల బట్టలు గుట్టగా ఉండేవి. లైట్లు మోసేవాళ్ల కాకీ చొక్కాలు, వాద్యాలు వాయించేవాళ్ల తెల్ల ప్యాంట్లు, గుంపులో నిలబడే వేషగాళ్ల మెరుపు చీరలు. తర్వాత స్టూడియోలు కల్యాణమంటపాలయ్యాయి, అపార్టుమెంట్లయ్యాయి. ఇస్త్రీ అక్కర్లేని జీన్సు ప్యాంట్లు, హాస్టలు పిల్లల టీషర్టులు వచ్చాయి. పోస్టాఫీసులోనూ అంతే. ఉత్తరాల కోసం వచ్చేవాళ్లు తగ్గి, ఆధార్‌లో పేరు దిద్దించుకునేవాళ్ల క్యూ పెరిగింది. ఆ క్యూలో సగం మంది మాట్లాడే భాష మా పేటలో ఎవరికీ రాదు. వాళ్ల బట్టలు చూసి ఆమె ఏ గుర్తూ పట్టలేకపోయేది. అలాంటప్పుడు "ఉండు, బొగ్గు తగ్గింది" అని తల వంచుకునేది.

రోడ్డు మీది బండ్లను ఎత్తుకుపోయే కార్పొరేషన్ లారీ చప్పుడు వినబడితే ఆమెకు చేతులు ఆడేవి కావు. కాలుతున్న పెట్టెను ఇటుక మీద దించి, బండిని పోస్టాఫీసు గేట్లోకి తోసేసేది. పోస్టుమాస్టరు కిటికీ పక్కకు తిరిగి ఏదో కాగితం చూసుకునేవాడు. లారీ పోయాక కూడా చాలాసేపు ఆమె మెడ రోడ్డు వైపే తిరిగి ఉండేది. "కార్డుంటే ఎవురూ ఏమనరంట నాయనా. నిమ్మళంగా నిలబడి చేసుకోవచ్చంట" అనేది. రిటైరైపోయిన పాత పోస్టుమ్యాన్ ఆమె చేత అర్జీ పెట్టించాడు. అప్పట్నుంచి ఉత్తరాల సంచీ బయటికి వచ్చినప్పుడల్లా "నాకేమన్నా ఉండాదా?" అని అడిగేది. పేటంతటికీ అడ్రసు చెప్పే మనిషికి ఒక్క కవరూ వచ్చేది కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

పదేళ్ల కిందట నేనొక డబ్బింగు స్టూడియో ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఒక శుక్రవారం మధ్యాహ్నం, రేపట్నుంచి రావద్దన్నారు. తాళాలూ ఆఫీసు ఫోనూ అందులోని సిమ్మూ అప్పగించి వచ్చేశాను. నా భార్య అప్పుడు ఏడో నెల కడుపుతో నెల్లూరులో పుట్టింట్లో ఉంది. ఆమెకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇక ఎవరికీ చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి ఇంటికి తాళం వేసి, టిఫిను డబ్బా పట్టుకుని స్టేషనులో బెంచీ మీద కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చేవాణ్ని. ఇస్త్రీకి వేయడం మానేసి, చొక్కాలు మడిచి పరుపు కింద పెట్టుకునేవాణ్ని. బండి ముందు నుంచి వెళితే ‘బట్టలేవి నాయనా’ అంటుందని పోస్టాఫీసు వెనక సందులోంచి దొంగలా తిరిగాను.

ఒక్కటే ఆశ. స్టూడియో మూతపడుతుందన్న పుకారు పుట్టినప్పుడే పెరంబూరులో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లొచ్చాను. తీసుకుంటే రిజిస్టర్డ్ పోస్టులో ఆర్డరు వస్తుంది, వచ్చిన వారంలో చేరాలి అన్నారు. దరఖాస్తులో నేనిచ్చింది ఆ ఆఫీసు ఫోను నంబరే.

ఆర్డరు వచ్చింది. పాత పోస్టుమ్యాన్ సెలవులో ఉంటే బదులుగా వచ్చినాయన రెండు రోజులు మా తలుపు తట్టాడు. తాళం. ఆయన తలుపు సందులో పెట్టిన చీటీ గాలికి ఎటు పోయిందో నా కంటపడలేదు. ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదంది. మూడో రోజు అందరూ చేసే పనే ఆయనా చేశాడు. ఇస్త్రీ అక్కనడిగాడు.

"స్టూడియో సారా? ఆయన పోయినాడే! మూడు వారాలుగా ఒక్క చొక్కా రాలా. పెండ్లాం పుట్టింటికి పోయింది, ఈయన గూడా ఖాళీ చేసుకుని ఆడికే పోయుంటాడు" అందట.

ఆయన కవరు మీద ‘లెఫ్ట్’ అని రాసి పంపేశాడు.

నాలుగు రోజుల తర్వాత, పదకొండు గంటల వేళ, బొగ్గు మూట కోసం స్టేషను దాటి అవతలికి పోతున్న ఆమెకు నేను ప్లాట్‌ఫారం బెంచీ మీద దొరికిపోయాను. ఆమె ముందు నా ముఖం చూడలేదు, చొక్కా చూసింది.

"పరుపు కింద పెట్టినావా?" అంది.

నేను తలదించుకున్నాను. తర్వాత మెల్లగా నా ముఖం చూసింది. అప్పుడు ఆమె ముఖంలో రంగు మారిపోవడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

"నువ్వు ఈడే ఉండావా నాయనా? ఐయయ్యో... నువ్వు పోయినావని చెప్పేస్తినే!"

బొగ్గు మూట సంగతి మర్చిపోయి నన్ను చెయ్యి పట్టుకుని పోస్టాఫీసుకు లాక్కెళ్లింది. కవరు ఎప్పుడో వెళ్లిపోయింది. పంపింది పెరంబూరు కాలేజీ అని రిజిస్టరు చూసి చెప్పారు. నేను అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. ఆమె మాత్రం బండిని టీకొట్టతనికి అప్పజెప్పి, కొంగు దోపుకుని వచ్చి నిలబడింది. "లే. పోదాం" అంది. బొగ్గు కోసం తప్ప బండి వదిలి ఆమె ఎక్కడికీ పోగా నేను చూడలేదు. పార్కు స్టేషనులో దిగి, రోడ్డు దాటి, ఇంకో రైలెక్కి పెరంబూరు చేరాం. దారంతా ఒళ్లో పెట్టుకున్న ఆమె చేతులు చీర కుచ్చిళ్లను అదేపనిగా సాపు చేస్తూనే ఉన్నాయి.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా కవరు తీసి చూపించాడు. "ఖాళీ చేసి వెళ్లిపోయారని వచ్చిందే. లిస్టులో తర్వాతాయనకి ఈ మధ్యాహ్నమే పంపబోతున్నాం" అన్నాడు.

"ఆ మాట నాది సార్" అంది ఆమె. "రాసినాయన తప్పేం లేదు. నేను చెప్పిందే రాసినాడు. నేను తప్పు చెప్పినా."

"నువ్వెవరమ్మా?"

"బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని."

ఆయనకు నవ్వొచ్చింది. "ఈయన అక్కడే ఉన్నాడని రుజువేముంది?" అన్నాడు. ఆమె నా మెడ వంచి కాలరు తిప్పి చూపించింది. "ఈ రెండు చుక్కలూ కొక్కెమూ ఆ ఇంటివి. నేను పెట్టింది. ఇంకెవురికీ ఈను" అంది. అదేం రుజువో నాకు తెలియదు. గుమాస్తా కాసేపు ఆ గుర్తునే చూసి, కవరు పట్టుకుని ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లాడు. బయట బెంచీ మీద గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో నేను నా పుట్టబోయే బిడ్డను తలుచుకుని ఏడవకుండా ఉండటానికి గోడ మీద పగుళ్లు లెక్కపెట్టాను. చివరికి గుమాస్తా వచ్చి ‘రేపు పొద్దున్నే చేరండి’ అన్నప్పుడు నాకంటే ముందు ఆమె ఏడ్చింది.

ఆ తర్వాత బట్టలు అబద్ధం చెప్పవన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఎవరైనా పోయారని చెప్పడం కూడా మానేసింది. పోస్టుమ్యాన్ వచ్చి అడిగితే "నాకు తెల్దు నాయనా, నువ్వు ఇంకో రెండు రోజులు చూడు" అనేది. కళ్ల ముందు సామాను లారీ ఎక్కినా అదే మాట. వాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె బొగ్గులు విసురుకునేది.

ఇంత చేసిన మనిషికి నేను చేసింది కూడా చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. ఆ కవరు రావడానికి ఐదు నెలల ముందు, కాలేజీ వార్షికోత్సవానికని ఇచ్చిన తెల్ల చొక్కా ఛాతీ మీద గోధుమరంగు ఇస్త్రీపెట్టె మచ్చతో తిరిగొచ్చింది. ఆమె మచ్చ పైకి కనబడేలాగే మడిచి ఇచ్చింది, దాచలేదు. నేను "పర్లేదక్కా" అన్నాను. మర్నాటి నుంచి బట్టలు ఫోనులో పిలిస్తే వచ్చి తీసుకెళ్లేవాళ్లకు వేశాను. మా అమ్మాయి స్కూలు యూనిఫారం కూడా కాలుతుందేమోనని భయమని ఇంట్లో చెప్పాను. మళ్లీ వెనక సందులోంచి తిరగడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే గోడ పక్కన బండి లేదు. ఊరికి పోయుంటుందిలే అనుకున్నాను.

కవరొచ్చిన ఆ వారమంతా వెతికాను. టీకొట్టతను చూలైలో కూతురుందని ఎప్పుడో విన్నానన్నాడు, చూలైలో ఎక్కడో తెలియదన్నాడు. బొగ్గులమ్మేవాడికి అంత కూడా తెలియదు. పాత పోస్టుమ్యాన్ ఫోను ఎత్తలేదు. గురువారం, శుక్రవారం చూలై సందుల్లో తిరిగాను. ఏమని అడగను? పేరు చెప్పి అడిగితే ఎవరూ ఎరగరు. ఇస్త్రీ అక్క అంటే ఏ ఇస్త్రీ అక్క అన్నారు.

శనివారం పెరంబూరులో వాన. స్టేషనుకు నడవలేక సెంట్రలుకు ఆటో ఎక్కాను. మనసెక్కడో ఉంది. కళ్ల ముందు డ్రైవరు వీపుంది. కాకీ చొక్కా వీపు మీద, పైనుంచి కిందికి, మూడు గీతలు.

"ఈ చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారు?" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "మా వీధిలో ఒక ఆయా, ముసలావిడ. చూలై. ఏం సార్?"

"అక్కడికి పోనీ" అన్నాను.

రేకుల షెడ్ల మధ్య సన్నటి సందు. కూతురి ఇంటి అరుగు మీద, రెండు డ్రమ్ముల మీద వేసిన బల్ల వెనక ఆమె కూర్చుని ఉంది. నిలబడి కాదు, కూర్చుని. పక్కన కాకీ బట్టలు తప్ప ఇంకేం లేవు. నేను బూట్లు విప్పడానికి వంగాను.

"ఏం నాయనా, ఈపు మీద గీతల్లేవే" అంది.

కూర్చున్నాను. కార్డు వచ్చిందని చెప్పాను. సోమవారం సాయంత్రం లోపల వచ్చి తీసుకోవాలని, లేకపోతే వెనక్కి పోతుందని గబగబా చెప్పాను. ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. చేతిలో పెట్టె ఆగింది.

"నిజంగా వచ్చిందా? నా పేరుకే?"

"నీ పేరుకే అక్కా. సోమవారం పొద్దున్నే వచ్చి నిన్ను తీసుకెళ్తాను. ఇక లారీ వచ్చినా ఎవరూ కదిలించరు."

ఆమె చూపుడు వేలు తడిచేసుకుని పెట్టె అడుగున ఆనించింది. టక్కున తియ్యలేదు. అలాగే ఉంచింది. చుయ్‌మంది, తడి ఆరిపోయింది, వేలు ఇంకా అక్కడే ఉంది. నేనే కంగారుగా చెయ్యి లాగాను. వేలి చివర తోలంతా నల్లగా గట్టిపడి ఉంది.

"షుగరు. ఏడాదయింది, చేతి ఏళ్లకు ఏమీ తెలీదు" అంది. "కాకీ అయితే మందం. తొందరగా కాలదు. ఆడైతే అన్నీ తెల్ల చొక్కాలు, పిల్లల యూనిఫారాలు. నీ చొక్కా కాల్చింది నాకు వాసనొచ్చిందాకా తెల్దు నాయనా."

"ఒక్క చొక్కాకేమైంది అక్కా? నేనే..." అని ఆగిపోయాను. క్షమించమని అడగాలనుకున్నాను. 

"అప్పుడు నీ బట్టలు రాలేదని నువ్వు పోయినావనుకుంటి. ఈ తూరి నీ బట్టలు రానప్పుడు, పోవాల్సింది నేనని తెల్సుకుంటి" అంది. కోపంగా అనలేదు. అదే నాకు భరించరానిదైంది.

కార్డయినా తీసుకో, దగ్గరుంచుకో అన్నాను. చాలాసేపు బతిమాలాను. ఆమె కాకీ చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకోటి తీసింది.

"అది చేతికొస్తే నా మనసు నిలబడదు. మళ్లా బండి పెడతా. మళ్లా ఎవురి బట్టో కాలుస్తా. వద్దు." ఆ చొక్కా వీపు మీద గీత తీస్తూ అంది. "పోయిందని చెప్పు నాయనా. ఈ తూరి తప్పు గాదు."

సోమవారం సాయంత్రం పోస్టాఫీసుకు వెళ్లాను. లోపల బ్యాగు కట్టడానికి సిద్ధం చేస్తున్నారు. ఆ పిల్ల నన్ను చూడగానే అరలోంచి కవరు తీసి పట్టుకుంది. "దొరికారా సార్?" అంది ఆశగా.

నేను తల అడ్డంగా ఊపాను. "వెళ్లిపోయారు. రాసేయమ్మా" అన్నాను.

పెన్ను తీసిందే గానీ రాయలేదు. ఆ రోజు ఈ మాటకే నేను అరిచిన సంగతి మర్చిపోయినట్టు లేదు. "రాస్తే ఇక తిరిగి రాదు సార్. నిజంగా వెళ్లిపోయారని మీకెవరు చెప్పారు?" అంది.

"ఇస్త్రీ అక్క చెప్పింది" అన్నాను.